పిలుస్తారని ఆగినవాళ్ళు

దేశం సరైన దారిలో పోతోందా, తప్పు దారిలో పోతోందా అని ఊరంతా తిరిగి అడగడం నా పని. నన్ను మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏం చెబుతానో నాకూ తెలియదు. సాయంత్రం ఇంటికొచ్చి మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చుంటే టీవీలో నలుగురు చేరి అదే విషయం మీద అరుచుకోవడం మొదలుపెడతారు. రిమోట్ తీసి కట్టేస్తాను. పగలంతా విన్నది చాలదా!

నేను సర్వే మనిషిని. మెడలో ఫొటో ఉన్న కార్డు, చేతిలో ట్యాబు, సంచిలో నీళ్ళ సీసా, గొడుగు. ప్రభుత్వం మనిషిని కాను. ఒక ప్రైవేటు కంపెనీ జనాభిప్రాయం పోగు చేస్తుంది. దాన్ని ఎవరు కొంటారో, కొని ఏం చేసుకుంటారో మాకు చెప్పరు, మేమూ అడగం. మా తాతల కాలంలోనే అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో పడ్డాం కాబట్టి నాకు తెలుగూ కన్నడా రెండూ ఇంటి భాషలే. అందుకని తెలుగు కూలీలు ఎక్కువగా ఉండే చోట్లకు నన్నే తోస్తారు. వర్తూరు, మహదేవపుర, చందాపుర, ఎక్కడ కొత్త కట్టడం లేస్తుంటే అక్కడికి.

మేం అడిగేవన్నీ దేశాన్ని నడిపేవాళ్ళ గురించి, ఇంటి ఆర్థిక పరిస్థితి గురించి, ఆసుపత్రుల గురించి. ఆ ప్రశ్నల తెలుగు ఎవరు రాశారో గానీ, దొరికితే వాళ్ళను ఎండలో నిలబెట్టి చదివించాలని ఉంది. "గత సంవత్సరంతో పోల్చినప్పుడు మీ కుటుంబ ఆర్థిక స్థితిగతులు మెరుగుపడినవని భావిస్తున్నారా?" అని చదివితే, సిమెంటు బస్తా దించి వచ్చిన మనిషి నా మొహంలోకి చూసి, "ఇది ఏ బాష అక్కా?" అన్నాడు ఒకసారి. అక్షరం మార్చకుండా చదవాలని ఆఫీసు రూలు. సరే, రూలు ప్రకారం ఒకసారి చదివేస్తాను. తరువాత, "ఇంటి జరుగుబాటు పోయినేటికంటే బాగుండాదా, అట్లే ఉండాదా, కష్టమైందా అప్పా?" అని మామూలుగా అడుగుతాను. అప్పుడు నోరు విప్పుతారు.

ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. పైనున్న నాయకుడి గురించి అడిగితే ఎవరైనా సరే తడుముకోకుండా చెప్పేస్తారు. చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు పెడతారు, మెటికలు విరిచేవాళ్ళు విరుస్తారు. ఇద్దరికీ ఊపొస్తుంది. అదే నీ ఇల్లెలా నడుస్తోంది అని అడగండి, గొంతు తగ్గిపోతుంది. మొగుడు పెళ్ళాం వైపు చూస్తాడు, పెళ్ళాం పొయ్యి వైపు చూస్తుంది. ఇక నీకు ఒంట్లో బాగోలేకపోతే ఎక్కడికి పోతావు అంటే చాలామంది ఊరికే నవ్వేస్తారు. నవ్వు అనే ఆప్షను నా ట్యాబులో లేదు.

మహదేవపుర వైపు అపార్ట్‌మెంట్లలో ఇంకోరకం. ముందు గేటు దగ్గర సెక్యూరిటీతో తగాదా పడాలి. అది దాటితే ఇనుప గ్రిల్లు వెనక నిలబడి ఒకాయన దేశ ఆర్థిక వ్యవస్థ మీద నాకు పాఠం చెబుతాడు. నా కాళ్ళు పీక్కుపోతుంటాయి. ఆసుపత్రుల ప్రశ్న రాగానే, "కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది మేడం, వెరీ గుడ్ అని పెట్టేసుకోండి" అని తలుపేస్తాడు.

కూలీల షెడ్లలో తరిమేయరు. లోపలికి పిలిచి, బకెట్టు బోర్లించి కూర్చోబెడతారు. ఎందుకంటే మెడలో కార్డు చూసి నన్ను గౌర్మెంటు అనుకుంటారు. ఆధార్, రేషన్ కార్డు గబగబా తీసి నా చేతిలో పెడతారు. "ఇవేం వద్దు నాయనా" అంటే మొహాలు పాలిపోతాయి. వద్దన్నానంటే ఊళ్ళో జాబితాలోంచి వాళ్ళ పేరు తీసేసినట్టేనని భయం. ఆ భయంతో అన్ని ప్రశ్నలకూ ఒకటే జవాబు. నాయకుడు బాగుండాడు, ధరలు బాగుండాయి, ఆసుపత్రి బాగుండాది. ఒకామె దగ్గుతూ దగ్గుతూ చెప్పింది, అంతా బాగుండాదని.

ఇక అసలు సంగతికి వస్తాను.

దీపావళి అయిన కొత్తల్లో వర్తూరు చెరువు అవతల ఒక పెద్ద కట్టడం దగ్గరికి పంపారు. అంతస్తులు పైకి లేస్తున్నాయి. దాని వెనక నీలం రేకుల షెడ్లు వరుసగా. అంతా రాయలసీమ వాళ్ళు, కొందరు పాలమూరు వైపు వాళ్ళు. వాళ్ళను పనికి తెచ్చిన మేస్త్రి నాకు ఎదురొచ్చి, "అందరిదీ ఒకటే జవాబు మేడం, నేను చెప్తా, రాసుకొని పోండి" అన్నాడు. "నీ ఒక్కడి నోటితో అందరూ అన్నం తింటారా అప్పా?" అన్నాను. వెనక ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మేస్త్రి మొహం మాడ్చుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఒక షెడ్డులో మొగుడూ పెళ్ళాం ఉన్నారు. అతను సెంట్రింగ్ పని, ఆమె ఇసుక మోస్తుంది. పిల్లలు ఊళ్ళో హాస్టల్లో. మాకో రూలుంది. ఇంట్లో ఎవరి పుట్టినరోజు ముందు వస్తుందో వాళ్ళనే అడగాలి, పక్కన ఎవరూ ఉండకూడదు. అడిగితే ఇద్దరూ ఆధార్లు తీశారు. ఇద్దరిదీ జనవరి ఒకటి. ఆ వరుసలో అందరిదీ జనవరి ఒకటే. పుట్టిన తేదీ ఎవరికి తెలుసు, రాసేవాడు ఏది రాస్తే అది. ఇద్దరిదీ ఒకటైతే ట్యాబే ఎవరినో ఒకరిని ఎంచుకుంటుంది. ఆమెను ఎంచుకుంది.

"ఆమెకేం తెలుసక్కా, నన్నడగండి" అన్నాడతను.

"ఆమెకు తెలిసిందే నాకు కావాల. నువ్వు బయట కూర్చోపో" అన్నాను. మంచివాడే, బీడీ తీసుకుని పోయాడు.

ఆమెకు ముప్పై దాటి ఉంటాయేమో. చీర మీద మొగుడి పాత చొక్కా వేసుకుని ఉంది. అన్నిటికీ బాగుండాది, బాగుండాది అంటూ వచ్చింది. నేనూ ఆవులిస్తూ నొక్కుకుంటూ పోయాను. చివర ఒక ప్రశ్న ఉంటుంది, దానికి ఆప్షన్లు ఉండవు, చెప్పింది చెప్పినట్టు రాయాలి. దేశాన్ని నడిపేవాళ్ళకు మీరు ఒక్క మాట చెప్పే వీలుంటే ఏం చెబుతారు? చాలామంది ఏమీ లేదంటారు. ఈమె నా ట్యాబు వైపు చూసింది.

"చెప్తే వాళ్ళకు పోతాదా అక్కా?"

"చూడమ్మా" అన్నాను, "నేను గౌర్మెంటు కాదు. ఇది ఒక కంపెనీ. అందరు చెప్పినవీ కలిపేసి లెక్క కడతారు, అంతే. దీంతో నీకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు." ఈ మాట నేను అందరికీ చెబుతాను. అబద్ధాలాడి జవాబులు రాబట్టే అలవాటు నాకు లేదు.

"సరేక్కా" అంది. తలుపు వైపు ఒకసారి చూసి, కుడిచేత్తో ఎడమ రొమ్ము పక్కన తాకి చూపించింది. "ఈడ గడ్డ ఉండాది. నొప్పి లేదు. ఎండాకాలంలో చింతగింజంత ఉండె, ఇప్పుడు పెద్దదైంది. ఆయనకు చెప్పలే."

"ఎవరికన్నా చూపించినావా?"

"యాడ చూపిచ్చేది? మా కార్డు ఊర్లోనే పనిచేస్తాదంట, ఈడ చెల్లదంట. ఊరికి పోతే పని పోతాది."

సలహాలు ఇవ్వకూడదనేది కూడా మాకు రూలే. ఆ రూలు పెట్టినవాడిని తీసుకొచ్చి ఆ బకెట్టు మీద కూర్చోబెట్టాలి. సిటీలో క్యాన్సర్‌కు పెద్దాసుపత్రి ఉందని, పొద్దున్నే పోయి చీటీ రాయించుకోవాలని, ఎక్కడ ఏ బస్సు ఎక్కాలో అన్నీ చెప్పాను. బస్సు నంబరు ఆమె నోటితో మళ్ళీ చెప్పించాను. "ఈ వారమే పో. నానబెట్టొద్దు" అన్నాను. తలూపింది. చివరి ప్రశ్న కింద, రొమ్ములో గడ్డ ఉంది, చూపించుకునే దారి లేదు అని టైపు చేశాను. ఏం రాశానో చదవమంది. చదివాను.

"మా షెడ్డు యాడుండాదో అది కూడా పడిందా అక్కా అందులో?"

"అది ట్యాబే దానంతటదే పట్టుకుంటుంది" అన్నాను.

ఆమె మొహం తేటపడింది. మనసులో బరువు ఒకరికి చెప్పుకుంది కదా, అందుకు అనుకున్నాను. బయటికొస్తే మొగుడు బీడీ ఆర్పేసి, "ఏమన్నా వస్తాదా అక్కా?" అని అడిగాడు. "ఏమీ రాదు నాయనా" అని చెప్పి పక్క షెడ్డుకు పోయాను.

ఆ చలికాలమంతా నన్ను హొసూరు రోడ్డు వైపు వేశారు. మధ్య మధ్య ఆమె గుర్తొచ్చేది. ఫోను చేద్దామంటే ఉన్న నంబరు మొగుడిది, మొగుడికి తెలియదు. పోయే ఉంటుందిలే అనుకున్నాను. రోజుకు ఇంతమంది కష్టాలు వింటే మనిషికి ఏదో ఒక మూత కావాలి, లేకపోతే అన్నం దిగదు.

ఉగాది దాటాక రెండో విడత వచ్చింది. మొదటిసారి అడిగినవాళ్ళనే మళ్ళీ అడగాలి, అభిప్రాయం మారిందా లేదా అని చూడటానికి. అపార్ట్‌మెంట్ల సంగతి సరే, షెడ్లవాళ్ళను ఎక్కడని వెతకను? కట్టడం అయిపోతే మేస్త్రి అందరినీ ఇంకో చోటికి తోలుకుపోతాడు. ఆ మాటే మా సూపర్‌వైజరుతో అన్నాను. నా కూతురికంటే చిన్నవాడు. "అడ్రస్ ఉంది కదా మేడం, ట్రై చేయండి" అన్నాడు. షెడ్డుకు అడ్రసు! ఏం మాట్లాడతావులే అనుకుని బస్సెక్కాను.

అనుకున్నట్టే అయింది. కట్టడం పూర్తయి అద్దాల బాల్కనీలతో మెరుస్తోంది. ఇళ్ళు అమ్మకానికి ఉన్నాయని గేటుకు పెద్ద బ్యానరు. వెనకవైపు షెడ్లు లేవు. రేకులు పీకేసిన చోట నేల మీద చదరాలు మాత్రం మిగిలాయి, పొయ్యి మసి ఆనవాళ్ళు. తిరిగి పోదామని వెనక్కి తిరిగితే, ఆ చివర కాంపౌండు గోడ మూల ఒకే ఒక్క షెడ్డు కనబడింది. ముందర అతను కూర్చుని ఉన్నాడు, ఆమె మొగుడు.

నన్ను చూసి లేచాడు. లేచినవాడు నా దగ్గరికి రాలేదు, లోపలికి పరిగెత్తాడు. "మే, వచ్చినారు! వచ్చినారు, లెయ్!"

నాకూ సంతోషమే. రెండో విడతలో షెడ్డు మనిషి దొరకడమంటే మాటలా! లోపలికి పోయేసరికి ఆమె తల దువ్వుకుంటోంది. చిక్కిపోయింది. ఉతికిన చీర కట్టుకుని ఉంది. గోడకు ఒక గుడ్డసంచి వేలాడుతోంది, నిండుగా, మూతి ముడేసి. దాన్ని దించి చేతిలో పట్టుకుని, "పోదామా అక్కా?" అంది.

"ఎక్కడికమ్మా?"

"ఆసుపత్రికి."

అప్పుడు మొగుడు చెప్పుకొచ్చాడు. నేను వచ్చి వెళ్ళిన రోజే ఆమె గడ్డ సంగతి అతనికి చెప్పిందట. చెప్పి, భయపడొద్దు, పైకి రాయించినాను, మన షెడ్డు జాగా కూడా పడింది, వస్తారు, పిలుస్తారు అందట. అతనికి ధైర్యం వచ్చిందట. స్లాబు పనులు అయిపోయాక మేస్త్రి అందరినీ చందాపుర దగ్గర కొత్త పనికి తీసుకుపోయాడు. వీళ్ళిద్దరూ పోలేదు. మేస్త్రి తిట్టాడు, బతిమాలాడు, పోయాడు. అతను పొద్దున్నే కూలీల అడ్డాలో నిలబడి దొరికిన పని చేసుకుంటున్నాడు. పని దొరకని రోజు ఆ కట్టడం వాచ్‌మన్‌కు ఊడ్చే పనీ మోసే పనీ ఊరికే చేసిపెడుతున్నాడు, ఈ షెడ్డు పీకకుండా ఉంచినందుకు.

"మెడలో కార్డు యేసుకున్నోళ్ళు ఎవరు వచ్చినా లేసి నిలబడ్తాంటిమి అక్కా" అన్నాడు. "కరెంటు మీటరు చూసేటోడు వస్తాడు, పార్శిలు ఇచ్చేటోడు వస్తాడు. యాడ మా కోసమేనేమో అని."

ఒళ్ళంతా మండిపోయింది. వాళ్ళ మీదో, నా మీదో, ఎవరి మీదో తెలియదు. "నేను గౌర్మెంటు కాదని చెప్పలేదా? చెప్పినానా లేదా? దీంతో నీకు ఏమీ రాదని నా నోటితో చెప్పలేదా?" అని అరిచాను. గోడ అవతల వాచ్‌మన్ తొంగి చూశాడు.

"చెప్పినారక్కా" అంది ఆమె, ఏమాత్రం తగాదా లేకుండా. "మా ఊర్లో ఇంటికి పేరు రాసుకొనేకి వచ్చినప్పుడు వాళ్ళూ అట్లే అన్నిరి. వస్తాదని మేము చెప్పము, రాసుకుంటాము అంతే అన్నిరి. తర్వాత ఇల్లు వచ్చె గదా."

"మరి బస్సు నంబరు చెప్పినాను కదమ్మా! నువ్వే పోయుండొచ్చు కదా!"

ఆమె నంబరు చెప్పింది. మర్చిపోలేదు. ఎక్కడ దిగాలో కూడా చెప్పింది. "మేము ఆడికి పోయినప్పుడు పిలిచేవాళ్ళు ఈడికి వస్తే? మనిషి ఇంట్లో లేదని పేరు కొట్టేస్తారు గదక్కా. మా అత్తకు పింఛను అట్లే పోయె. చెకింగుకు వచ్చినప్పుడు చేనికాడ ఉండె."

నేను బకెట్టు మీద కూలబడ్డాను. ఆమెతో ఏమని వాదించను? ఆమె చెప్పిందాంట్లో ఒక్క తప్పు లేదు. పుట్టినప్పటి నుంచి ఆమె చూసిన గౌర్మెంటు అంతే. వస్తామని చెప్పదు, వచ్చినప్పుడు నువ్వు ఇంట్లో లేకపోతే నీ పేరుండదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆఫీసుకు జ్వరమని చెప్పాను.

చీటీల క్యూ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చి ఉంది. చెప్పులు వరుసగా పెట్టి తమ చోటు కాపాడుకుంటూ పక్కన చెట్టు నీడలో కూర్చున్నారు జనం. మా ముందర ఇద్దరు మగవాళ్ళు ప్రధాని మీద వాదన పట్టుకున్నారు. ఆయన లేకపోతే దేశం ఏమైపోయేదని ఒకడు, ఆయన వచ్చాక ఏమైపోయిందో చూడు అని ఇంకొకడు. ఒకడి చేతిలో తల్లి ఎక్స్‌రే, ఇంకొకడి చేతిలో పెళ్ళాం రిపోర్టులు. ఊగిపోతూ ఊగిపోతూ వాటితోనే ఒకరినొకరు బెదిరించుకున్నారు. క్యూ కదిలింది కూడా చూసుకోలేదు. వెనకున్న కన్నడ ముసలామె విసుగ్గా, "యారు బందరూ నమగె ఇష్టే కణమ్మా" అంది నాతో. ఎవరొచ్చినా మనకు ఇంతే అని. ఈ మాట నేను తిరిగిన ప్రతి వీధిలోనూ ఏదో ఒక భాషలో విన్నాను. నేను తలూపాను.

కౌంటరులో ఆమె ఊరి ఆరోగ్య కార్డు చూపించమన్నారు. చూసి, ఈ జబ్బుకు ఇక్కడా చెల్లుతుంది అన్నారు. అంత తేలిగ్గా అన్నారు. చెల్లదని ఆమెకు ఎవరు చెప్పారో ఆమెకే గుర్తు లేదు, షెడ్లలో అందరూ అనుకుంటారట.

పరీక్షలకు మళ్ళీ మళ్ళీ తిరిగాం. సూది గుచ్చి ముక్క తీయడానికి ఒకరోజు, స్కానింగుకు ఒకరోజు, ఫలితం రాలేదని తిప్పి పంపడానికి ఒకరోజు. చివరికి డాక్టరమ్మ పిలిచింది. చిన్న వయసు, కళ్ళ కింద నల్లగా, తినకుండా వచ్చిన మొహం. నాతో కన్నడలో చెప్పింది. క్యాన్సరే. చలికాలంలో తెచ్చి ఉంటే గడ్డ వరకు తీసి వదిలేసేవాళ్ళం, ఇప్పుడు చంకలోకి పాకింది, రొమ్ము మొత్తం తీయాలి, ఆ తరువాత మందులు ఎక్కించాలి, రేడియేషన్ కరెంటు పెట్టాలి అంది. "బతుకుతుందా?" అన్నాను. "చూద్దాం" అంది. తరువాత ఆమె వైపు తిరిగి వచ్చీరాని తెలుగులో, "ఇన్ని నెలలు ఎక్కడికి పోయారమ్మా మీరు?" అని అడిగింది.

"యాడికీ పోలేదు మేడం. ఇంటికాడనే ఉంటిమి" అంది ఆమె.

డాక్టరమ్మకు అది నిర్లక్ష్యంలా వినిపించింది. వినిపించకుండా ఎలా ఉంటుంది? నేను చెప్పబోయాను. అప్పటికే ఇంకొకరిని లోపలికి పిలిచారు.

ఆపరేషను ముందు రోజు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. సూపర్‌వైజరు ఫోను. "మేడం, వర్తూరు షెడ్డు రెస్పాండెంట్ దొరికిందన్నారు, ఇంకా అప్‌లోడ్ కాలేదు." పెట్టేశాను. ఆమె విన్నది. "నా ప్రశ్నలు ఇంగా అడగనే లేదు గదక్కా, అడుగు, నీకు మాటొస్తాది" అంది. వద్దన్నాను. ఊరుకోలేదు. మొగుడిని తనంతట తానే, "ఆ పక్కకు పో, ఇది ఒక్కరే చెప్పాల" అని పంపేసింది.

దేశం సరైన దారిలోనే పోతోందంది. నాయకుడు బాగుండాడంది. ఇంటి జరుగుబాటు మాత్రం కష్టమైందంది, మొదటిసారి బాగుండాది తప్ప ఇంకో మాట విన్నాను ఆమె నోట. ఆసుపత్రుల ప్రశ్న వచ్చింది. ప్రభుత్వ వైద్యం మీద మీకు ఎంత తృప్తి?

"చానా తృప్తి" అంది.

నేను ట్యాబు ఒళ్ళో పెట్టుకున్నాను. "చాలా తృప్తా? నీకేం చెప్పిందో తెలుసా డాక్టరమ్మ? తెలిసే చెబుతున్నావా?"

"తెలుసక్కా. అయినా చెప్పితిమి, వచ్చినారు గదా. లేటైతే అయింది. అంత పెద్ద దేశంలో మా షెడ్డుకాడికి మనిషిని పంపిచ్చినారు."

"నన్ను ఎవరూ పంపలేదు" అన్నాను.

ఆమె నా చేయి పట్టుకుని నవ్వింది. నువ్వు అలాగే చెప్పాలి కాబోలు అన్నట్టు. నాకు ఏడుపొచ్చింది. జాలితో వచ్చింది కాదు, కోపంతో వచ్చింది. రెస్పాండెంట్, అంటే జవాబిచ్చే మనిషి, చెప్పిందే నొక్కాలి, సొంత మాట కలపకూడదు. చాలా తృప్తి అన్న గడి మీద నొక్కాను. అప్‌లోడ్ అయింది. ఆ రిపోర్టులో ఎక్కడో, తృప్తి పెరిగిందని చెప్పే లెక్కలో, ఆమె ఉంది.

ఆపరేషను అయింది. నాలుగైదు రోజులకు కొబ్బరి బొండాం తీసుకుని వార్డుకు పోయాను. ఆదివారం కాబట్టి కార్డు లేదు, ట్యాబు లేదు, ఇంట్లో కట్టుకునే నూలు చీరలో ఉన్నాను. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుంది. ఒకవైపు కట్టు. నన్ను చూడగానే మొహం వెలిగింది. పక్క మంచం మీదున్న ఆమెతో, "చెప్పలా? ఈ అక్కే. ఈమెనే పంపిచ్చినారు" అంది.

పక్క మంచం ఆమె పెద్దావిడ, మందులకు తలంతా బోడి అయి కొంగు కప్పుకుని ఉంది. లేచి కూర్చుంది. "అట్లనా? అమ్మా, మాది చందాపుర అవతల. మాది కూడా కొంచెం రాసుకోమ్మా. మాకు ఈ సూదిమందు పోయిన దఫా దొరకలేదు, బయట కొనుక్కోమన్నారు" అని మొదలుపెట్టింది. దాని పక్క మంచం నుంచి ఇంకొకామె సెలైన్ గొట్టంతో సహా ఇటు తిరిగింది. ఆ చివర నుంచి ఎవరో కన్నడలో, ఏమిటి, ఎవరొచ్చారు అని అడుగుతున్నారు.

"నేను ఎవరినీ కాదమ్మా" అన్నాను. వార్డంతా వినబడేలా అన్నాను. "నేను గౌర్మెంటు కాదు, ఏమీ కాదు. నన్ను ఎవరూ పంపలేదు. నాకై నేనే వచ్చినాను."

పెద్దావిడ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. నమ్మలేదు. కోప్పడలేదు కూడా. చిన్నపిల్ల అబద్ధాన్ని మన్నించినట్టు తలాడించింది.

"ఎవరూ పంపకపోతే మా కోసం ఎవరు వస్తారమ్మా?" అంది.

నేను కొబ్బరి బొండాం కింద పెట్టాను. స్టూలు పెద్దావిడ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆమె మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.